గాలి తిరిగినా వదలని లంగరు

ఈ రోజు మనం లంగరు గురించి మాట్లాడుకుందాం. పెద్ద ఓడల లంగరు గురించి కాదు. ఒక కుటుంబమో, ఇద్దరు ముగ్గురు స్నేహితులో తీరం వెంబడి రేవు రేవూ తిరుగుతూ, రాత్రిళ్లు అందులోనే పడుకునే చిన్న తెరచాప పడవ ఉంటుంది చూడండి, దాని లంగరు గురించి. తొమ్మిది పది మీటర్ల పొడవు, నాలుగైదు టన్నుల బరువు ఉన్న పడవ అనుకోండి. అలాంటి పడవకు ఎలాంటి లంగరు కొనాలి? కొట్లో రకరకాల ఆకారాలు కనిపిస్తాయి. ఒక్కొక్కరు ఒక్కొక్కటి మంచిదంటారు. వాళ్లందరి మాటలూ విన్నాక నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. లంగరును బరువు చూసి ఎంచుకోకూడదు. ఒకే దిక్కున లాగితే అది ఎంత గట్టిగా పడుతుందో చూసి కూడా ఎంచుకోకూడదు. గాలి దిక్కు మారినప్పుడు, ఎవరూ చెయ్యి వెయ్యకుండా, అది తనంతట తాను మళ్లీ నేలను పట్టుకుంటుందా? ఆ ఒక్కటీ చూసి ఎంచుకోవాలి. ఈ మాటను నేను మళ్లీ మళ్లీ చెబుతాను. ఎందుకు చెబుతున్నానో మీకు తెలియాలి కాబట్టి కారణాలు కూడా చెబుతాను.

తెరచాప పడవలు మనకు సంబంధం లేనివని అనుకోకండి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, 2018 మే నెలలో ప్రపంచం చుట్టి వచ్చిన మన నౌకాదళం పడవ తారిణి మీకు గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్న ఆరుగురు అధికారిణుల్లో ఇద్దరు మన తెలుగువాళ్లే. ఒకరు విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, మరొకరు హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. ఇటు హుస్సేన్‌సాగర్‌లో ఏటా తెరచాప పోటీలు జరుగుతున్నాయి. చెరువులో గంటసేపు పందెం వేసే పడవకు లంగరుతో పెద్దగా పని ఉండదు. కానీ ఆ పోటీల్లో పాల్గొనే పిల్లల్లో ఎవరైనా రేపు సముద్రం మీదకు వెళ్లి, ఒక రాత్రి ఎక్కడో ఆగి నిద్రపోవాలనుకుంటే, వాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న లంగరే.

గాలి తిరగడమంటే ఏమిటో చూపించడానికి ఒక రాత్రి జరిగిన సంగతి చెబుతాను. అది 1982 డిసెంబరు 8. మెక్సికోలో బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం చిట్టచివర కాబో సాన్ లూకాస్ అనే ఊరుంది. ఊరి ముందు సముద్రం వంపు తిరిగి లోపలికి వస్తుంది. చలికాలంలో అక్కడ గాలి మామూలుగా ఉత్తరం నుంచి వీస్తుంది. ఆ వైపు నేల అడ్డం ఉంటుంది కాబట్టి నీళ్లు కదలకుండా ఉంటాయి. పైగా ఒడ్డు నుంచి కొంచెం దూరం పోగానే అడుగు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అందువల్ల పడవలన్నీ ఒడ్డుకు దగ్గరగా, ఒకదాని పక్కన ఒకటి లంగరు వేసుకుని ఉన్నాయి. ఆ రాత్రి గాలి తిరిగింది. తెరిచి ఉన్న సముద్రం మీద నుంచి, ఆగ్నేయం నుంచి తుఫాను గాలి కొట్టింది. అప్పటిదాకా పడవల వెనకున్న సముద్రం ముందుకొచ్చింది. ముందున్న ఒడ్డు వెనక్కొచ్చింది. ఇక లంగరు జారితే పోయేది ఒడ్డు మీదికే. ఆ తుఫానులో ఇరవైకి పైగా పడవలు ఇసుకలో పడ్డాయి. వాటిలో ఒకటి జాషువా. ఫ్రెంచి నావికుడు బెర్నార్ మోయితెస్సియే 1968-69లో ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టే పందెంలో నడిపిన ఉక్కు పడవ అది. దక్షిణ మహాసముద్రాల అలలన్నీ తట్టుకున్న పడవ, లంగరు వేసిన చోట ఒడ్డున పడింది. తర్వాత దాన్ని బాగుచేశారు. ఇప్పుడది ఫ్రాన్సులో లా రోషెల్ సముద్ర మ్యూజియంలో ఉంది. మంచి లంగరు ఉంటే ఆ రాత్రి అన్ని పడవలూ బతికేవని నేను అనను. కిక్కిరిసిన చోట ఒక పడవ జారితే పక్కదాన్ని కూడా లాక్కుపోతుంది. అలాంటి చోటు నుంచి ముందే బయటపడడమే మేలు. కానీ ఒక్క సంగతి మాత్రం అక్కడ తేటతెల్లంగా కనిపిస్తుంది. లంగరు వేసిన సాయంత్రం జరిగేది పరీక్ష కాదు. గాలి తిరిగినప్పుడు జరిగేది పరీక్ష.

గాలి తిరగడానికి తుఫానే రానక్కర్లేదు. మన కోస్తానే చూడండి. ఎండ కాసే వేళ నేల వేడెక్కుతుంది, గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు వీస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల చల్లబడుతుంది, అదే గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదకు మళ్లుతుంది. ఏ హడావిడీ లేని మామూలు రోజున కూడా పడవ తన లంగరు చుట్టూ సగం తిరిగినట్టే. ఆటుపోట్లు బలంగా ఉన్న చోట సుమారు ఆరు గంటలకోసారి నీళ్లే ఎదురు తిరుగుతాయి. అంటే పడవ నిద్రపోయే రాత్రుల్లో చాలా వాటిలో లంగరు మీద లాగుడు దిక్కు మారుతుంది. అరుదుగా వచ్చే కష్టం కాదిది, లంగరుకు రోజువారీ పని.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. లంగరు పడవను ఎలా ఆపుతుంది? బరువుతో ఆపుతుందనే చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అమెరికాలో పడవల భద్రతా ప్రమాణాలు రాసే సంస్థ ఒకటుంది, అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్. ఆ సంస్థ పట్టిక ప్రకారం, తొమ్మిది మీటర్ల పడవ మీద గంటకు 55 కిలోమీటర్ల గాలి వీస్తే, లంగరు మీద పడే లాగుడు 300 కిలోలు దాటుతుంది. ఆ పడవ ముందు వేలాడే లంగరు ఎంత ఉంటుంది? మహా అయితే 15 కిలోలు. 15 కిలోల ఇనుము 300 కిలోల లాగుడును బరువుతో ఆపగలదా? ఆపలేదు. ఇంకొక సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. గాలి రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఆ లెక్కన చూస్తే బరువు మీద నమ్మకం పెట్టుకోవడానికి ఏమీ మిగలదు. లంగరు ఆపేది నేలలో దిగబడి. మొన మట్టిలోకి దూరాలి, రెక్క మట్టి కింద పాతుకోవాలి, ఆ రెక్క ముందున్న మట్టి అంతా కలిసి పడవను ఆపాలి. మళ్లీ చెబుతున్నాను. పడవను ఆపేది ఇనుము కాదు, మట్టి. మట్టిని పట్టుకోవడానికి ఇనుము ఒక పనిముట్టు మాత్రమే.

ఈ సంగతిని శాస్త్రంగా ఆలోచించిన మనిషి జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో నీళ్ల కదలిక మీద, గాలి కదలిక మీద పరిశోధన చేసిన పెద్ద శాస్త్రవేత్త. ఆయనకు తెరచాప పడవంటే ప్రాణం. 1927లో తన పడవ మీద నార్వే ఉత్తర తీరంలోని లోఫోటెన్ దీవుల దాకా వెళ్లాడు. అప్పట్లో చిన్న పడవల వాళ్లకు దిక్కు పాతకాలపు రెండు చేతుల లంగరే. మనం బొమ్మల్లో చూసే లంగరు అదే. బరువెక్కువ, పట్టు తక్కువ. ఒక చెయ్యి నేలలో దిగితే రెండో చెయ్యి పైకి నిలబడి ఉంటుంది. పడవ చుట్టూ తిరిగితే గొలుసు ఆ చేతికి చుట్టుకుని లంగరును ఊడబెరికేస్తుంది. ఇంత బరువు ఎత్తితే ఇంతేనా పట్టు అన్నది టేలర్ ప్రశ్న. కిలో ఇనుముకు ఎంత పట్టు వస్తుందన్నదే అసలు లెక్క అనుకున్నాడు. 1933లో నాగలి ఆకారంలో, కీలు ఉన్న కాడతో, అంటే గొలుసు తగిలించే కడ్డీతో, కొత్త లంగరు తయారు చేసి పేటెంటు తీసుకున్నాడు. దాని పేరు సీక్యూఆర్. నేల మీద పక్కకు పడినా లాగగానే అదే తిరిగి నిలబడి మట్టిలోకి దిగుతుంది. పైకి నిలబడే చెయ్యి లేదు కాబట్టి గొలుసు చుట్టుకోదు. నీళ్ల మీద దిగే విమానాలకు కూడా దాన్ని వాడారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు తీరాలు తిరిగే పడవలకు అదే పెద్ద దిక్కు.

ఆ తర్వాత వచ్చిన లంగర్లలో ఏది ఏ పని కోసం పుట్టిందో చూద్దాం. ఎంపికలో కీలకం అక్కడే ఉందని నా నమ్మకం. అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ చేసిన లంగరు రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను ఒడ్డుకు చేర్చే పడవలకు పనికొచ్చింది. ఆ పడవ ఒడ్డుకు వస్తూ వెనక నుంచి లంగరు వదులుతుంది. ఇసుక మీదికెక్కి సైనికులను దించేస్తుంది. తర్వాత ఆ లంగరు తాడును చుట్టుకుంటూ వెనక్కి జారి నీళ్లలో పడుతుంది. అంటే ఆ లంగరు చెయ్యాల్సింది ఇసుకలో, ఒకే దిక్కులో, కాసేపు బలంగా పట్టుకోవడం. ఆ పనిలో దాన్ని మించింది అరుదు. తేలికగా ఉంటుంది, రెండు వెడల్పాటి రెక్కలుంటాయి, సూటిగా లాగితే ఆశ్చర్యపోయేంత పట్టు ఇస్తుంది. కానీ లాగుడు పక్కకు తిరిగితే పైకి వచ్చేస్తుంది. వస్తూ వస్తూ రెక్కకూ కాడకూ మధ్య ఒక గులకరాయో, గవ్వో, నాచు ముద్దో ఇరికించుకుంటే రెక్క తెరుచుకోదు, మళ్లీ నేల పట్టదు. ఇక 1970ల్లో పీటర్ బ్రూస్ చేసిన పంజా ఆకారపు లంగరు సంగతి. చమురు వేదికల దగ్గర పేరు తెచ్చుకున్న ఆకారం అది. త్వరగా నేల పడుతుంది. గాలి తిరిగినా చాలాసార్లు తానూ తిరుగుతుంది. కానీ చిన్న పడవలు మోయగలిగినంత చిన్న సైజులో దాని పట్టు తక్కువ. గట్టి గాలికి మట్టిని దున్నుకుంటూ జారుతుంది. ఇవేవీ చెడ్డ లంగర్లు కావు. ప్రతిదీ తాను పుట్టిన పనిలో మేటి. మనం అడగాల్సింది ఒకటే. ఆ పని మన పనేనా?

మన పని వేరు. చమురు వేదికకు చుట్టూ చాలా లంగర్లుంటాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కును కాస్తుంది. మన పడవ రాత్రికి వేసేది ఒకే ఒక లంగరు, అదే అన్ని దిక్కులనూ కాయాలి. సైనిక పడవలో అందరూ మేలుకునే ఉంటారు. మన పడవలో అందరూ నిద్రపోతారు. ఒంటి లంగరు, తిరిగే గాలి, నిద్రలో ఉన్న మనుషులు. ఈ మూడింటి కోసమే రూపుదిద్దుకున్న లంగరు కావాలి. అలాంటివి 1980ల నుంచి రావడం మొదలైంది. జర్మనీలో రోల్ఫ్ కాచిరెక్ చేసిన బ్యూగెల్, ఫ్రాన్సుకు చెందిన అలేన్ పొయిరో చేసిన స్పేడ్, న్యూజిలాండ్‌లో పీటర్ స్మిత్ చేసిన రోక్నా ఆ వరుసలోవే. వీటిలో స్పేడ్, రోక్నా వంటి వాటి రెక్క పారలాగా లోపలికి గుంటగా ఉంటుంది. పాత సీక్యూఆర్ రెక్క నాగలి కర్రులాగా బయటికి ఉబ్బి ఉంటుంది. రైతుకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. నాగలి మట్టిని రెండు పక్కలకూ చీల్చుకుంటూ ముందుకు పోవాలి, అందుకే దాని రూపం అలా ఉంది. పార మట్టిని తన మీద నిలుపుకోవాలి, అందుకే దాని రూపం ఇలా ఉంది. పడవకు ముందుకు సాగే పనిముట్టు వద్దు, మట్టిని నిలుపుకునే పనిముట్టు కావాలి.

అలాంటి లంగరు నేలను తాకాక ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. లంగరు అడుగుకు చేరి పక్కకు ఒరిగి పడుతుంది. వెనక ఒక వంపు కడ్డీ ఉంటుంది. దానివల్ల అది వెల్లకిలా ఉండిపోలేదు, దొర్లి పక్కకు వస్తుంది. కొన్ని రకాల్లో ఆ కడ్డీ బదులు మొనలోనే సీసం పోసి బరువు పెడతారు. ఇప్పుడు పడవ మెల్లగా వెనక్కి పోతుంది, గొలుసు నేల మీద సాగి కాడను లాగుతుంది. పదునైన మొన ఇసుకలో గుచ్చుకుంటుంది. ఒక పక్కే గుచ్చుకుంది కాబట్టి ఆ పక్క ఆగుతుంది, రెండో పక్క ముందుకు తిరుగుతుంది. అలా లంగరు తనంతట తాను నిటారుగా అయి కిందికి దిగుతుంది. మంచి ఇసుకలో ఇదంతా లంగరు పొడవుకు ఒకటి రెండు రెట్ల దూరంలోనే ముగుస్తుంది. తర్వాత గాలి తిరిగిందనుకోండి. కాడ పక్కకు లాగుతుంది. మొన మట్టిలోనే ఉండి, రెక్క కింద నుంచే మెల్లగా కొత్త దిక్కుకు మళ్లుతుంది. ఒకవేళ పూర్తిగా ఊడినా, ముందు చేసిన పనే మళ్లీ చేస్తుంది. పడి, దొర్లి, గుచ్చుకుని, దిగుతుంది. నేను చెబుతున్న గుణం ఇదే. పట్టు వదలకపోవడం మంచిదే. వదిలినా మళ్లీ పట్టుకోవడం అంతకంటే ముఖ్యం.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది అనుభవజ్ఞులు చెప్పేది. లంగరు ఆకారం గురించి ఎందుకింత గోల, గొలుసు బాగా వదిలితే ఏ లంగరైనా ఆగుతుంది అంటారు. ఇందులో సగం నిజముంది. లాగుడు నేలకు సమాంతరంగా ఉంటేనే లంగరు దిగుతుంది. పైకి లాగితే ఊడుతుంది. గొలుసు బరువు ఆ లాగుడును కిందికి వంచి ఉంచుతుంది. అందుకే లోతుకు కనీసం ఐదింతల గొలుసు వదలాలంటారు. తాడు ఎక్కువగా ఉంటే ఏడింతలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, జాగ్రత్తగా వినండి. లోతంటే నీటి లోతు ఒక్కటే కాదు. నీటి నుంచి పడవ ముందు కొస దాకా ఉన్న ఎత్తు కలపాలి, రాత్రికి పోటు ఎంత ఎక్కుతుందో అదీ కలపాలి. నాలుగు మీటర్ల నీళ్లు, మీటరు ఎత్తు, మీటరు పోటు. మొత్తం ఆరు. ఆరుకు ఐదింతలు ముప్పై మీటర్లు. నాలుగుకే లెక్క కట్టి ఇరవై మీటర్లతో పడుకున్నవాళ్లకు పోటు నిండాక సుమారు మూడింతలు మాత్రమే మిగులుతుంది.

మిగిలిన సగం మాత్రం నిజం కాదు. గొలుసు వంపు మామూలు గాలిలోనే ఉంటుంది. ఇందాక చెప్పిన 300 కిలోల లాగుడు వచ్చిందంటే, చిన్న పడవలు వాడే ఎనిమిది మిల్లీమీటర్ల గొలుసు ముప్పై మీటర్లు వదిలినా, నేల మీద నుంచి లేచి దాదాపు కడ్డీలా బిగుస్తుంది. సరిగ్గా గొలుసు అవసరమైన వేళకు దాని బరువు చేసే మేలు అయిపోతుంది. అక్కడి నుంచి మిగిలేది రెండే. ఒకటి గొలుసు పొడవు, అది లాగుడు కోణాన్ని తగ్గిస్తుంది. రెండోది నేలలో దిగిన లంగరు. అందుకే నా సలహా ఇది. పడవ ముందు భాగంలో బరువు తగ్గించుకోవాల్సి వస్తే గొలుసులో తగ్గించండి, లంగరులో తగ్గించకండి. ఎనిమిది మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు దాదాపు కిలోన్నర. పది మీటర్ల గొలుసు బదులు నైలాన్ తాడు వేస్తే పదమూడు కిలోల దాకా మిగులుతుంది. అందులో ఐదు కిలోలు లంగరుకు ఇస్తే రెక్క పెద్దదై పట్టు ఎంతో పెరుగుతుంది. పైగా నైలాన్ సాగుతుంది కాబట్టి అల కొట్టిన ప్రతిసారీ వచ్చే కుదుపును అదే మింగేస్తుంది. నేలకు దగ్గరగా ఉన్న భాగం మాత్రం గొలుసే ఉండాలి. రాళ్లకు, గవ్వలకు తాడు ఒరుసుకుని తెగిపోతుంది.

రెండో అభ్యంతరం పరీక్షల గురించి. లంగర్ల మీద వచ్చే పోలికలు ఒకదానితో ఒకటి కలవవు, పైగా చాలావాటి వెనక తయారీదారులే ఉంటారు, ఎలా నమ్మాలి అంటారు. ఇది న్యాయమైన అనుమానం. 2014లో అమెరికాలోని చెసాపీక్ అఖాతంలో మెత్తటి బురదలో లంగర్లను పరీక్షించారు. పరీక్ష పెట్టింది ఫోర్ట్రెస్ అనే అల్యూమినియం లంగరు తయారుచేసే కంపెనీయే. ఆ బురదలో ఆ కంపెనీ లంగరే ముందు నిలిచింది. దాన్ని తోసిపుచ్చాలా? నేను తోసిపుచ్చను, గుడ్డిగా నమ్మను కూడా. కారణం సరిపోతుందా అని చూస్తాను. మెత్తటి బురదలో పట్టు రావాలంటే రెక్క వైశాల్యం ఎక్కువుండాలి, రెక్కకూ కాడకూ మధ్య కోణం వెడల్పుగా ఉండాలి. ఆ లంగరులో ఇసుకకు 32 డిగ్రీలు, బురదకు 45 డిగ్రీలు అని కోణం మార్చుకునే వీలుంది. కారణం సరిపోయింది, ఫలితం నమ్మదగ్గదే. కానీ ఆ పరీక్ష సూటి లాగుడులో పట్టును కొలిచింది. గాలి తిరిగితే ఏమవుతుందో వేరే ప్రశ్న. కాబట్టి ఏ పరీక్ష చూసినా అన్నిటికంటే పెద్ద అంకెను వెతక్కండి. పదిసార్లు వేస్తే ఎన్నిసార్లు పట్టిందో చూడండి. ఒకసారి వెయ్యి కిలోలు పట్టి, రెండోసారి జారిపోయే లంగరు కంటే ప్రతిసారీ ఐదు వందలు పట్టే లంగరు మేలు. నిద్రపోయే మనిషికి కావలసింది గొప్ప ఫలితం కాదు, నమ్మకమైన ఫలితం.

మూడో అభ్యంతరం మన తీరం నుంచే వస్తుంది. మన మత్స్యకారులు ఇనుప కడ్డీలు వంచి అతికించిన కొక్కేల లంగరుతో తరతరాలుగా వేట సాగిస్తున్నారు కదా, వాళ్లకు లేని బాధ వీళ్లకేమిటి అని. మత్స్యకారుల ఎంపిక సరైనదే. వాళ్లు వేసేది చాలాసార్లు రాళ్ల మీద, చేపలుండే చోట. రాతి మీద ఏ రెక్కా దిగదు, కొక్కెం తగులుకోవాల్సిందే. ఇరుక్కుని రాకపోతే తెంచుకుని వెళ్లిపోవచ్చు, ఖర్చు తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, పడవలో మనిషి మేలుకుని ఉంటాడు. జారితే వెంటనే తెలుసుకుంటాడు. వాళ్ల లంగరు వాళ్ల పనికి సరిపోయింది. ఏ లంగరు ఏ పనికి అన్న నా వాదనకు అది బలమే తప్ప అడ్డు కాదు.

ఇక్కడే నేల సంగతి కూడా చెప్పాలి. ఇసుకలో, గట్టి బురదలో పార ఆకారపు లంగరు బాగా పనిచేస్తుంది. గోదావరి ఒండ్రు చేరే కాకినాడ లాంటి చోట్ల మెత్తటి బురద ఉంటుంది, అక్కడ వెడల్పు రెక్కల లంగరు మేలు. దట్టమైన నాచులో ఏ లంగరూ పూర్తిగా నమ్మదగింది కాదు. పదునైన మొన, తగినంత బరువు ఉంటే కొంత నయం. బరువుకు బరువుగానే విలువ ఉండే చోటు అది. సముద్రపు గడ్డి మైదానాల మీద, పగడపు దిబ్బల మీద మాత్రం ఏ లంగరూ వెయ్యకూడదు. స్పెయిన్‌కు చెందిన బాలియారిక్ దీవుల్లో 2018 నుంచి పొసిడోనియా అనే సముద్రపు గడ్డి మీద లంగరు వెయ్యడం నిషేధం. ఒక్క లంగరు ఒక్క రాత్రి చెరిపేసిన గడ్డి మళ్లీ మొలవడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. పక్కనే ఇసుక మచ్చ ఉంటుంది. అక్కడ వెయ్యండి. గడ్డికీ మేలు, మీకూ మేలు. ఇసుకలోనే పట్టు బాగుంటుంది.

కాబట్టి ఒక లంగరు సరిపోదు, రెండు కావాలి. రెండూ ఒకే ఆకారంలో ఉండకూడదు. ముందు వేలాడేది, రోజూ వాడేది, తిరిగి పట్టుకునే గుణం ఉన్నదై ఉండాలి. లోపల దాచుకునేది తేలికగా, వెడల్పు రెక్కలతో, బురదకూ సూటి లాగుడుకూ పనికొచ్చేదై ఉండాలి. మొదటిది జారే నేలలో రెండోది ఆదుకుంటుంది. మొదటిది పోగొట్టుకున్న రోజున రెండోదే పడవను కాపాడుతుంది.

చివరి అభ్యంతరం ఖర్చు. మంచి లంగరు ఖరీదెక్కువే. అచ్చం అలాంటి ఆకారమే చవగ్గా దొరుకుతుంది కూడా. కానీ పక్కకు లాగినప్పుడు బలమంతా పడేది కాడ మీద. నాసిరకం ఉక్కు అయితే అది వంగిపోతుంది. వంగిన కాడతో లంగరు సరిగ్గా దిగదు. ఆకారం ఒక్కటి చూసి కొనకండి, ఏ ఉక్కు వాడారో అడగండి. గొలుసును లంగరుకు కలిపే సంకెల కూడా అంతే గట్టిదై ఉండాలి. సైజు విషయానికి వస్తే, తయారీదారు పట్టికలో మీ పడవకు రాసిన దానికంటే ఒక మెట్టు పెద్దది తీసుకోండి. చాలా పట్టికలు మంచి నేల, ఓ మాదిరి గాలి అనుకుని రాసినవి. మీకు నేల ఎలాంటిది దొరుకుతుందో ముందే తెలియదు.

కొనడానికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎలా పడినా ఇది తనంతట తాను నిటారుగా తిరుగుతుందా? గాలి దిక్కు మారితే మళ్లీ పట్టుకుంటుందా? పట్టుకున్నప్పుడు ప్రతిసారీ ఒకేలా పట్టుకుంటుందా? ఈ మూడింటికీ అవునని సమాధానం వస్తే బరువు, పేరు, అలవాటు తర్వాతి సంగతులు. వేసిన ప్రతిసారీ ఇంజను వెనక్కి తిప్పి మెల్లగా లాగి చూడండి. ఒడ్డున రెండు గుర్తులు ఒకే వరుసలో పెట్టుకుని అవి విడిపోతున్నాయేమో చూడండి. లంగరు దిగిందని తెలిశాకే పడుకోండి. డబ్బుకు ఇబ్బందైతే కొత్త తెరచాప ఒక ఏడాది ఆలస్యంగా కొనుక్కోండి. పాత తెరచాపతో పడవ కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అంతే. నమ్మలేని లంగరు మాత్రం పడవ ముందు ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. దాన్ని ముందు మార్చండి.